ఔటయ్యాక వస్తాను

పిలుపు వచ్చిందంటే ముందు కేకు వస్తుంది. దేశపు రెండో జట్టులో అది ఆనవాయితీ. పెద్ద జట్టులో ఎవరికో మడమ బెణికిందనో, జ్వరం తగిలిందనో కబురు రాగానే మేనేజరమ్మ హోటలు వంటింటికి ఫోన్ చేసి కేకు చెప్పేస్తుంది. ఆ తర్వాతే పిలుపొచ్చిన అమ్మాయికి సంగతి చెబుతుంది. మిగతా పద్నాలుగు మందీ వరండాలో రెండు వరసలుగా నిలబడి చప్పట్లు కొడతారు, ఫోటో దిగుతారు. మర్నాడు తెల్లారేసరికి ఆ అమ్మాయి కిట్ బ్యాగు ఈడ్చుకుంటూ వెళ్ళిపోతుంది. ఇక్కడ ఆడుతున్న మ్యాచ్ సగంలో ఉందా, ముప్పాతికలో ఉందా అని ఎవరూ అడగరు. అడిగితే అదేదో అపశకునం పలికినట్టు చూస్తారు.

ఆ సాయంత్రం తలుపు తీసింది పిచ్చుక. పంతొమ్మిదేళ్ళ పిల్ల, జట్టులో రెండో కీపరు. మొదటి కీపరు లోపల మంచం మీద కాళ్ళు చాపుకుని, రెండు మోకాళ్ళ మీదా ఐసు సంచులు పెట్టుకుని, వేళ్ళకి చుట్టిన టేపుని పళ్ళతో పీకుతోంది. ఇరవై తొమ్మిదేళ్ళు నిండిన ఆవిడని జట్టంతా కీపరక్క అనే పిలుస్తుంది. నాలుగు రోజుల మ్యాచ్‌లో ఆ రోజు రెండోది. అవతలి దేశం వాళ్ళ రెండో జట్టు రెండు వందల ఎనభై ఎనిమిది కొట్టింది. వీళ్ళు ఆరు వికెట్లకి రెండు వందల పన్నెండు మీద ఆగారు. అందులో డెబ్భై ఒకటి కీపరక్కవి, ఇంకా నాటౌట్.

తలుపు దగ్గర కేకు పట్టుకుని నిలబడ్డ మేనేజరమ్మని చూడగానే కీపరక్కకి సంగతి అర్థమైపోయింది. ఎవరికైనా సంతోషంతో ఎగిరి గంతేయాలనిపించే చోట ఆవిడకి ఏడుపొచ్చింది.

"శుభవార్త!" అంది మేనేజరమ్మ. "పొద్దున్న ఆరింటికి ఫ్లైటు. ప్రాక్టీసులో పెద్ద జట్టు కీపర్‌కి వేలి మీద దెబ్బ తగిలిందట. రేపు మధ్యాహ్నం వన్డే ఉంది కదా, నిన్ను స్టాండ్‌బైగా పంపమన్నారు."

"ఎంత దెబ్బ మేడమ్?"

"వాచిందట. ఐసు పెడుతున్నారు."

"పోయినసారి కూడా వాచిందనే అన్నారు. నేను దిగేసరికి ఆవిడ ఆ చేత్తోనే క్యాచ్‌లు పడుతోంది."

"అలా అనుకుంటే ఎలా? లేచి బట్టలు సర్దుకో. అందరినీ వరండాలోకి రమ్మన్నాను."

కీపరక్క లేవలేదు. "మేడమ్, నేను డెబ్భై ఒకటి మీదున్నాను."

"చూశాను కదా, ఎంత బాగా ఆడావో! అందుకేగా పిలిచారు."

"నాటౌట్ మేడమ్. రేపు పదింటికి మళ్ళీ నేనే దిగాలి."

"రిటైర్డ్ అని రాసుకుంటారు. కీపింగ్‌కి పిచ్చుక ఉంది. రూల్సు ఒప్పుకుంటాయి, ఏం ఫర్వాలేదు."

ఏం ఫర్వాలేదట! కీపరక్కకి ఒళ్ళు మండిపోయింది. ఐసు సంచులు తీసి పక్కన పడేసింది.

"పోయిన సీజన్లో అరవై నాలుగు మీదున్నప్పుడు పిలిచారు, వెళ్ళాను. పది రోజులు నీళ్ళ బాటిళ్ళు మోశాను. తర్వాత ఎనభై మూడు మీదున్నప్పుడు పిలిచారు, వెళ్ళాను. నెట్స్ వెనకాల నిలబడి బంతులు ఏరాను. సీజన్ అయ్యాక సెలెక్షన్ మీటింగులో నా గురించి ఏమన్నారో మీరే కదా వచ్చి చెప్పారు?"

మేనేజరమ్మ కేకు బల్ల మీద పెట్టింది. "ఏం చెప్పానూ?"

"మంచి కీపరే, కానీ పాపం ఒక్క సెంచరీ కూడా లేదే అన్నారని."

పిచ్చుక గోడకి అతుక్కుపోయి ఒకసారి ఈవిడ మొహం, ఒకసారి ఆవిడ మొహం చూస్తోంది. మేనేజరమ్మ చెడ్డ మనిషి కాదు. తన రోజుల్లో పదేళ్ళు ఆడి, ఒక్క పిలుపు కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసి, చివరికి పిలుపు రాకుండానే ప్యాడ్లు విప్పేసిన మనిషి. పిలుపు అంటే ఆవిడకి ఇప్పటికీ పండగే. అందుకే కేకు తనే స్వయంగా మోసుకొస్తుంది.

"నేను రాను మేడమ్."

"రానంటే? అలా అనకూడదు తల్లీ! ఇప్పటిదాకా ఎవరూ అనలేదు."

"మమ్మల్నెవరూ అడగలేదు కదా. కేకు తెచ్చి చెప్పేస్తారు, అంతే."

"కాదన్నావని పేరు పడితే మళ్ళీ జన్మలో నీ పేరెత్తరు. ఆ సంగతి ఆలోచించుకున్నావా?"

ఆలోచించుకోవడానికి కీపరక్కకి వ్యవధి ఎక్కడిది? కడుపులోంచి తన్నుకొచ్చిన మాట అది. కానీ నోట్లోంచి వచ్చాక అది తన మాటే అనిపించింది. "దీన్ని పంపండి," అంది పిచ్చుకని చూపించి. "కూర్చోడానికే కదా. కూర్చోడానికి నా మోకాళ్ళకన్నా దీని మోకాళ్ళే నయం."

మేనేజరమ్మ హోటలు వాళ్ళు బల్ల మీద పెట్టిన కాగితాల్లోంచి ఒకటి చింపి, పెన్ను చేతికిచ్చింది. "అయితే ఇష్టపూర్వకంగానే రావడం లేదని రాసి సంతకం పెట్టు. రేపు నా పీకకి చుట్టుకోకూడదు."

టేపు సగం ఊడిన వేళ్ళతో పెన్ను సరిగా నిలవలేదు. అయినా రాసింది. "క్రీజులో ఉన్నాను. ఔటయ్యాక వస్తాను." కింద సంతకం, తేదీ.

మేనేజరమ్మ రెండుసార్లు చదువుకుంది. "ఇదేం రాతే బాబూ! ఇది పంపితే పైవాళ్ళు నన్ను నమిలేస్తారు."

"అందులో అబద్ధం ఏముంది మేడమ్?"

కేకు ఎలాగూ వచ్చేసింది కాబట్టి పిచ్చుక చేత కోయించారు. వరండాలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది కీపరక్కే. గదిలోకొచ్చి పిచ్చుక బ్యాగు సర్దుకుంటూ వెక్కివెక్కి ఏడ్చింది. "నాకు భయంగా ఉందక్కా. నీ స్థానం లాక్కున్నట్టుంది."

"నేను రానన్నదాన్ని నువ్వు లాక్కోవడమేంటే పిచ్చిదానా? ఇలా చూడు. బంతి నేలకి తగిలాకే నువ్వు లేవాలి. ముందే లేస్తున్నావు, అందుకే కిందవి వదిలేస్తున్నావు. అదొక్కటీ మానుకో."

"నేనెలాగూ ఆడను కదక్కా."

"అయినా మానుకో."

భోజనాలకి ముందు కీపరక్క వాళ్ళక్కకి ఫోన్ చేసింది. స్కూళ్ళు తెరిచే రోజులు. యూనిఫారాలు కుట్టే అక్కకి ఊపిరాడని కాలం అది. ఫోన్ పక్కన పెట్టుకుని మాట్లాడుతుంది కాబట్టి మాటకీ మాటకీ మధ్య మిషను గరగరమంటూనే ఉంటుంది.

"మళ్ళీ పిలిచారక్కా. రానన్నాను."

మిషను ఆగిపోయింది. "ఏమన్నావ్?"

"రానన్నాను."

"నీకేమన్నా మతి పోయిందటే? దానికోసం జనం ఏళ్ళ తరబడి పడిగాపులు పడతారు!"

"నేనూ పడ్డానక్కా. అక్కడ బెంచీ మీద కూర్చుని పడ్డాను."

వెనకాల నుంచి బావ గొంతు వినిపించింది. "మరదలు చెప్పిందీ నిజమేగా! పోయినసారి వీధి వీధంతా మనింట్లో కూర్చుని మూడున్నర గంటలు టీవీ చూస్తే, తన మోచెయ్యి ఒక్కసారి కనబడింది. అది మోచెయ్యని కూడా నేను చెబితేనే తెలిసింది మీకు."

"మీరూరుకోండి కాసేపు!" అని అటు కసిరి అక్క ఇటు తిరిగింది. "వాళ్ళకి కోపమొచ్చి నిన్ను ఈ జట్టులోంచి కూడా పీకేస్తే?"

"పీకేయనీ. ఒక్క వంద కొట్టనిచ్చి పీకేయమను. భయంగానే ఉందక్కా. లేదని చెప్పను."

అటు నుంచి కత్తెర ఆడిన చప్పుడు. "చేతులు కుట్టి, కాలరు కుట్టకుండానే అది అవతల పడేసి ఇంకోటి పట్టుకోమని ఎవరైనా అంటే నేనైతే కత్తెర పెట్టి కొడతాను," అంది అక్క. "సరే, చేశావు కదా. ఇక రేపు మొదటి బంతికే ఔటై వచ్చావంటే మాత్రం నీ సంగతి చెబుతాను." మిషను మళ్ళీ అందుకుంది.

పొద్దున్న కీపరక్క లేచేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. మైదానంలో ఎవరూ పెద్దగా పలకరించలేదు. కోచ్ సారు గుడ్ మార్నింగ్ అని, ఇంకేదో అనబోయి, గ్లౌజులు సర్దుకుంటున్నట్టు నటిస్తూ వెళ్ళిపోయాడు. వీళ్ళందరి భయం ఏమిటో! ఒక మనిషి తన పని ముగించుకుంటానంటే ఇంత గగ్గోలా?

మబ్బుగా ఉంది. బంతి గాలిలో వంకర తిరుగుతోంది. మొదటి అరగంటలో కీపరక్క నాలుగంటే నాలుగు పరుగులు చేసింది. ఆఫ్ స్టంపు అవతల పోయేవాటిని పోనిచ్చింది. మీదకొచ్చేవాటిని కళ్ళ కిందే ఆపింది. బ్యాటు పిడి మీద కుడి చేతి చిటికెన వేలు నిలవదు, అది మూడుసార్లు విరిగి వంకరగా అతుక్కున్న వేలు. దాన్ని గాలికి వదిలేసి మిగతా నాలుగింటితోనే పట్టుకుంటుంది. అవతలి ఎండ్‌లో ఇద్దరు వచ్చారు, పోయారు. లంచ్‌కి ఎనభై ఆరు. అన్నం నాలుగు ముద్దలు తిని, ప్యాడ్లు విప్పకుండానే కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుంది.

లంచ్ తర్వాత తొమ్మిదో వికెట్టూ పడింది. చివరికి నిచ్చెన వచ్చింది. ఆరడుగుల పైనుండే ఫాస్ట్ బౌలరు. హెల్మెట్ పెట్టుకుంటే ఇంకా పొడుగ్గా, ఇంకా దిక్కులేనట్టుగా కనబడుతుంది.

"నేనేం చెయ్యాలక్కా?"

"నిలబడు."

"నాకు బౌలింగే వచ్చు, నిలబడ్డం రాదు."

"ఓవర్‌కి ఒకటో రెండో బంతులే నీకొస్తాయి. మిగతావి నేను చూసుకుంటా. బ్యాటు కాలి పక్కన పెట్టి, కళ్ళు మాత్రం మూయకు."

నిచ్చెన కళ్ళు మూయలేదు. ఒకటి అంచుకి తగిలి స్లిప్పుల మధ్యలోంచి పోయి నాలుగు పరుగులొచ్చాయి కూడా. స్కోరు రెండు వందల డెబ్భై, కీపరక్క తొంభై ఒకటి. అప్పుడు నీళ్ళ విరామం ఇచ్చారు. ఎప్పుడూ అదనపు ఆటగాళ్ళు తెచ్చే బాటిళ్ళు ఈసారి మేనేజరమ్మ తెచ్చింది, గడ్డిలో చెప్పులు జారుతుంటే చిన్న చిన్న అడుగులేసుకుంటూ.

"ఎక్స్‌రే తీశారట," అంది కీపరక్క చేతికి బాటిలిస్తూ. "వేలు విరిగింది. టాస్ అయిపోయింది. పిచ్చుక ఆడుతోంది. దేశం టోపీ కూడా ఇచ్చేశారు."

కీపరక్క నీళ్ళు నోట్లో పోసుకుంది.

"ఆ టోపీ నీది తల్లీ," అంది మేనేజరమ్మ. దెప్పడానికి అనలేదు, ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కీపరక్కకి అదే ఇంకా కష్టంగా ఉంది. దెప్పినా బాగుండేది. తిరిగి ఒక మాట అనేదాన్ని కదా అనుకుంది. పదకొండేళ్ళ ఎదురుచూపు. ఈ ఒక్క పొద్దున్న ఆ విమానం ఎక్కి ఉంటే చాలు. నోట్లో నీళ్ళు గడ్డి మీద ఉమ్మేసి, బాటిలు తిరిగిచ్చేసి, హెల్మెట్ పెట్టుకుంది.

తర్వాతి బంతి ఆఫ్ స్టంపు బయట పడింది. పొద్దున్నుంచీ అలాంటివి నలభై వదిలేసిన మనిషి, దీన్ని మాత్రం కళ్ళు మూసుకుని ఊడ్చినట్టు కొట్టబోయింది. తగల్లేదు. బంతి బ్యాటు అంచు పక్కనుంచి వెంట్రుకవాసిలో పోయింది. అవతలి వాళ్ళంతా తలలు పట్టుకుని అరిచారు.

నిచ్చెన పొడుగు కాళ్ళేసుకుంటూ పిచ్ మధ్యకి వచ్చింది. ఆ సంగతి తనూ విన్నది. ఎప్పుడూ కీపరక్క చెప్పడమే గాని, ఆవిడకి ఎదురు చెప్పిన పిల్ల కాదు.

"అక్కా, దీనికోసమే కదా దాన్ని వదులుకున్నావు. ఇప్పుడు దీన్ని కూడా పారేసుకుంటావా?"

కీపరక్క ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఏడుపూ నవ్వూ కలిసి ఏదో వచ్చింది. హెల్మెట్ లోపలికి వేలు దూర్చి కళ్ళు తుడుచుకుంది. "పో, నీ ఎండ్‌కి పో," అంది.

అక్కడి నుంచి ఆవిడ కంగారు పడలేదు. వదిలేయాల్సినవి వదిలేసింది. తొంభై తొమ్మిది మీద ఐదో బంతి కాళ్ళ మీదికొస్తే మెల్లగా తిప్పింది. పరుగు తీస్తే ఆరో బంతి నిచ్చెనకి పడుతుంది. ఇందాకటి నుంచీ వేసుకున్న లెక్క ప్రకారం తీయకూడదు. "పరిగెత్తు అక్కా!" అని అవతలి నుంచి నిచ్చెన అప్పటికే సగం దూరం వచ్చేసింది. మోకాళ్ళు కలుక్కుమంటుంటే కీపరక్క పరిగెత్తింది. పెవిలియన్ మెట్ల మీద పదిమంది అమ్మాయిలు లేచి అరిచారు. రోలర్ నీడలో కూర్చున్న ఇద్దరు గ్రౌండు పనివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఇంకెవరూ లేరు చూడ్డానికి. టీవీ లేదు, కెమెరా లేదు. అయినా బ్యాటెత్తింది, నాలుగు వైపులా తిరిగి మరీ ఎత్తింది. నిచ్చెన ఆ ఆరో బంతి కాచుకుంది.

నిచ్చెన బౌల్డయ్యేసరికి కీపరక్క నూట ఎనిమిది నాటౌట్, జట్టు రెండు వందల తొంభై ఆరు. ఎనిమిది పరుగుల ఆధిక్యం.

పావుగంటలో ప్యాడ్లు మార్చుకుని మళ్ళీ స్టంపుల వెనకాల గొంతుక్కూర్చుంది. మబ్బు ఇంకా విడలేదు. నిచ్చెన బౌలింగుకి దిగిందంటే ఇందాక దిక్కుతోచకుండా నిలబడ్డ పిల్ల ఇదేనా అనిపిస్తుంది. పరుగెత్తుకొచ్చి ఆ ఎత్తు నుంచి వేస్తే బంతి ఛాతీ మీదికి లేస్తోంది. రెండు అంచులు కీపరక్క చేతుల్లో పడ్డాయి, ఒకరి స్టంపులు ఎగిరిపోయాయి. ఆట ముగిసేసరికి అవతలి వాళ్ళు నాలుగు వికెట్లకి డెబ్భై, అందులో మూడు నిచ్చెనవి. రేపు ఆఖరి రోజు. గెలవచ్చు.

డ్రెస్సింగ్ రూములో అమ్మాయిలు ఒక ఫోన్ చుట్టూ గుంపుగా మూగారు. పెద్ద జట్టు బౌలింగు చేస్తోంది. కీపరక్క లోపలికి రాగానే ఒకమ్మాయి గబుక్కున ఫోన్ బోర్లించింది.

"దాస్తారేంటే? తిప్పండి ఇటు," అందావిడ.

చిన్న తెరలో పిచ్చుక గొంతుక్కూర్చుని ఉంది. స్పిన్నరు వేసింది. బంతి అంచుకి తగిలి నేలబారుగా వచ్చింది. పిచ్చుక లేవలేదు. చేతులు గడ్డికి ఆనించి అందుకుంది. గది గదంతా కేకలేసి, మళ్ళీ కీపరక్క వైపు చూసి నోళ్ళు మూసుకుంది.

"లేవలేదు చూశారా! ముందే లేవలేదు!" అని కీపరక్క ఎగిరినంత పని చేసింది. ఆ తర్వాత మొహం కడుక్కొస్తానని లోపలికెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చింది. ఆ టోపీ కావాలి ఆవిడకి. ఎందుకు అక్కర్లేదు? రేపు మళ్ళీ ఇలాగే పిలిస్తే ఏమంటావని తనని తనే ప్రశ్నించుకుంది. మళ్ళీ రాననే అంటాను అనుకుని ముక్కు చీదుకుంది.

బయటికొచ్చేసరికి మేనేజరమ్మ గది మధ్యలో నిలబడి ఉంది.

"నిచ్చెనా, బయల్దేరాలమ్మా. అక్కడ మొదటి ఓవర్లోనే ఫాస్ట్ బౌలర్‌కి పిక్క పట్టేసింది. ఎల్లుండి రెండో వన్డే. పొద్దున్నే ఫ్లైటు."

నిచ్చెన బూటు లేసు విప్పుతోంది. తల ఎత్తలేదు. రెండో బూటు లేసు కూడా పూర్తిగా విప్పింది. "ఎల్లుండి నన్ను ఆడిస్తారా మేడమ్?"

"అది అక్కడికెళ్ళాక తెలుస్తుంది."

"అయితే కనుక్కోండి మేడమ్. ఆడిస్తామంటే ఇప్పుడే వస్తా, నడిచైనా వస్తా. కూర్చోబెట్టడానికైతే రేపు నాకిక్కడ పనుంది. ఇంకా ఆరుగురున్నారు."

మేనేజరమ్మ కీపరక్క వైపు తిరిగింది. "నువ్వే నేర్పావా దీనికి?"

"నేనేం అనలేదు మేడమ్."

"అక్క ఏమీ చెప్పలేదు," అంది నిచ్చెన. "ఎదురుగా నిలబడి చూశాను, అంతే."

మూలన కూర్చున్న స్పిన్నరు తువ్వాలు భుజాన వేసుకుంటూ అంది, "పనిలో పని, పోయిన నెల నన్నెందుకు పిలిచారో కూడా కనుక్కోండి మేడమ్. అక్కడ నా పేరు కూడా ఎవరికీ తెలియదు." అందరూ గొల్లున నవ్వారు. మేనేజరమ్మ మాత్రం నవ్వలేదు. ఫోన్ చేతిలో అటూ ఇటూ తిప్పింది. తర్వాత వరండాలోకి నడిచింది. తలుపు వేసుకోలేదు, మరిచిపోయిందో, కావాలనే వదిలేసిందో.

"హలో మేడమ్... ఆ, చెప్పానండీ. అమ్మాయి అడుగుతోంది, ఎల్లుండి పదకొండు మందిలో ఉంటుందా అని... లేదండీ, రాననలేదు. అడిగింది..." కాసేపు అవతలి వైపే మాటలు నడిచాయి. మేనేజరమ్మ గొంతు సవరించుకుంది. "అదే చెబుతున్నానండీ. ఇక్కడ మూడు వికెట్లు తీసి ఉంది, రేపు గెలిచే మ్యాచి. ఊరికే కూర్చోబెట్టడానికైతే ఎందుకండీ? ఆ అమ్మాయే కాదు, నేను కూడా అడుగుతున్నాను."

లోపలికొచ్చేసరికి ఆవిడ మొహం ఎర్రగా కందిపోయి ఉంది. పదేళ్ళు వయసు తగ్గినట్టూ ఉంది.

"మాట్లాడుకుని పది నిమిషాల్లో చేస్తారట," అంది. "ఫోన్ దగ్గరే ఉండాలట, ఎక్కడికీ కదలొద్దన్నారు."

నిచ్చెన లేచి నిలబడింది. తువ్వాలు తీసుకుంది, సబ్బు పెట్టె తీసుకుంది.

"ఒళ్ళంతా చెమట ఉప్పు పేరుకుపోయింది మేడమ్, స్నానం చేసొస్తా," అంది. "నేనొచ్చేలోపే ఫోన్ చేస్తే వాళ్ళని కాసేపు ఆగమనండి."